మచ్చు గింజల సాక్ష్యము

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నిటిని పట్టి చూడనక్కరలేదు. ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన ఇండ్లలో పెద్దలు చెప్పుదురు. మచ్చు అను భావమంతయు ఈ మాటలో ఇమిడియున్నది. అయితే అన్నము విషయమున మనకొక సదుపాయము కలదు. ఒకే కుండ, ఒకే ఎసరు, ఒకే మంట. ఒక మెతుకు ఉడికినచో దాని ప్రక్క మెతుకును ఉడికియే యుండును. విత్తనముల బస్తా సంగతి వేరు. అందు మొలచు గింజయు, మొలవని గింజయు ప్రక్కప్రక్కనే యుండును. చూపునకు రెండును ఒక్క తీరుగనే కనబడును. ఒక్క గింజను నాటి చూచినచో ఆ గింజ సంగతి తెలియును గాని బస్తా సంగతి తెలియదు. మరి ఎన్ని గింజలు చూడవలెను? చూచిన పిదప కలిగిన నమ్మకమును ఎంతవరకు నమ్మవచ్చును? ఈ రెండు ప్రశ్నలకు గణితశాస్త్రము ఇచ్చు సమాధానమును మేము నేడు మనవి చేయదలచితిమి.

ఇవి వినోదమునకు వేసికొనిన ప్రశ్నలు కావు. తొలకరి వానలు పడినంతనే రైతు నారుమడి దున్ని విత్తనము చల్లును. నూటికి 80 మొలచునను భరోసాతో కొలిచి చల్లిన విత్తనము 60 మాత్రమే మొలచినచో నాటుటకు నారు చాలదు. మరల విత్తనము కొనుటకు డబ్బు కావలెను. జారిపోయిన అదను ఎంత డబ్బు పెట్టినను తిరిగి రాదు. అటు విత్తనము పండించి అమ్మువానికిని చిక్కు కలదు. అతని సరకు నిజముగా మంచిదైయుండియు, పరీక్షకు పోయిన గుప్పెడు గింజలలో చెడ్డవి ఎక్కువగా పడినచో రాశి యంతయు త్రోసివేయబడును. కావున ఆ గుప్పెడు గింజల సాక్ష్యము ఎంతవరకు చెల్లునో తెలియుట ఇరువురికిని అవసరమే.

మన దేశమున 1966లో విత్తనముల చట్టము వచ్చినది. ధ్రువీకరణ పొందదలచిన వరి విత్తనము నూటికి కనీసము 80 చొప్పున మొలకెత్తవలెనని ప్రమాణము. పరీక్షశాలలో దీనిని తేల్చుటకు 400 గింజలను తీసికొని, నూరేసి గింజల నాలుగు భాగములుగ చేసి మొలవనిత్తురు. వరికి 14 దినముల గడువు. 1924లో నెలకొన్న అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘము ఈ 400 గింజల పద్ధతినే అనుసరించుచున్నది. ఆ సంఘపు మహాసభ 2019లో మన హైదరాబాదు నగరముననే జరిగినది. లక్షలాది గింజలున్న రాశికి 400 గింజలు ప్రతినిధులగుట ఎట్లో ఇప్పుడు చూతము.

పరీక్షకుని లెక్కలో ఒక్కొక్క గింజకు గతులు రెండే: మొలచుట, మొలవకుండుట. రాశిలో నిజముగా నూటికి 80 మొలచు గింజలున్నవని అనుకొందము. అందుండి కండ్లు మూసికొని 400 గింజలు తీసినచో మొలచునవి సరిగా 320 ఉండునా? ఉండవచ్చును. 312 ఉండవచ్చును, 331 ఉండవచ్చును. ఇట్లు ఒక్కొక్క సంఖ్యకు ఎంత అవకాశమున్నదో చెప్పు లెక్కకు ద్విపద విభాజనమని పేరు. ఈ లెక్క నిర్దుష్టమైనదే గాని, చేతితో చేయుట దుర్ఘటము. 400 గింజలలో మొలచిన 320 గింజలు ఏవియై యుండునో అన్ని విధములను లెక్కించినచో, ఆ లెక్క 86 అంకెల సంఖ్యయగును. ఇది ఒక్క 320 సంగతి. 304 నుండి 336 వరకు తెలియవలెనన్నచో ఇట్టి లెక్కలు ముప్పదిమూడు చేసి కూడవలెను.

ఈ కష్టమును మొదట ఎదుర్కొన్నవాడు స్విట్జర్లాండు దేశస్థుడైన జాకబ్ బెర్నూలీ. అతడు 1705లో మరణించెను. అతని గ్రంథము 1713లో వెలువడినది. ఎన్ని మారులు పరీక్షించినచో కంటికి కనబడు నిష్పత్తి నిజమైన నిష్పత్తికి దగ్గరగా వచ్చును అన్నదే అతని విచారము. ఒక పాత్రలో తెల్లరాళ్లు మూడు పాళ్లు, నల్లరాళ్లు రెండు పాళ్లు ఉన్నవనుకొని, నిష్పత్తి నూటికి రెండు కంటె ఎక్కువ తప్పిపోదని వేయికొకటి పందెము వేయవలెనన్నచో ఎన్ని మారులు రాళ్లు తీయవలెనో లెక్కించెను. అతనికి వచ్చిన సంఖ్య 25,550. అన్నిమారులు చేయుటకు ఎవరికి ఓపిక యుండును?

పిదప ఇరువది యేండ్లకు, 1733లో, ఏబ్రహాం డి మువావ్రు అను గణితజ్ఞుడు దగ్గరి దారి చూపెను. ఇతడు ఫ్రాన్సులో ప్రొటెస్టెంటు మతస్థులకు నిలువ నీడ లేకపోగా లండను నగరము చేరి, శిష్యులకు గణితము చెప్పి పొట్టపోసికొనినవాడు. ద్విపద విభాజనమును విడివిడి అంకెలుగ చూడక, దాని మొత్తపు ఆకారమును చూచినచో, మారుల సంఖ్య పెరుగుకొలది ఆ ఆకారము ఒక నున్నని వంపుగీతకు సరిపోవుచున్నదని అతడు కనుగొనెను. అదియే నేడు సామాన్య విభాజనము అనబడుచున్నది. ఫ్రాన్సు దేశపు లాప్లాసు 1812లో ప్రకటించిన గ్రంథమున దీనిని మరింత విస్తరించెను. ఈ గీత సహాయమున బెర్నూలీ ప్రశ్నకు జవాబు చూచినచో 25,550కి బదులు సుమారు 6,500 మారులు చాలును. కావలసిన నిశ్చయము మారలేదు. దానిని కొలుచు సాధనము మెరుగుపడినది, అంతే.

రేడియోలో పటము గీచి చూపుట సాధ్యము గాదు గనుక శ్రోతలు మనస్సులోనే ఒక బొమ్మ గీచికొనవలెను. ఆ రాశినుండియే వేయిమంది వేర్వేరుగ 400 గింజలు తీసి మొలిపించిరనుకొందము. నేలపై పొడవుగ ఒక గీటు గీచి, దానిపై 280 మొదలు 360 వరకు సంఖ్యలు వేయుదము. ఎవరికి ఎన్ని మొలచినవో ఆ సంఖ్యపై వారొక చింతపిక్క పెట్టవలెను. ఒకే సంఖ్య వచ్చినవారు ఒకదానిపై ఒకటిగ పేర్చవలెను. వేయి పిక్కలును పెట్టిన పిదప దూరమునుండి చూచినచో, 320 చెంత పిక్కలు ఎత్తుగ పేరుకొని, ఇరుప్రక్కల క్రమముగ తగ్గుచు, కొసలయందు నేలకు అంటుకొనిపోవుచు, గుడిగంటను ప్రక్కనుండి చూచినట్లు కనబడును. పిక్కల వరుస మెట్లు మెట్లుగ నుండును. దానిపై కప్పిన నున్నని పలుచని గుడ్డయే డి మువావ్రు గీత.

ఆ గంట ఎంత వెడల్పు? సమాధానము వంటింటి లెక్కవలె సులభము. మొలచు పాలును, మొలవని పాలును గుణించి, గింజల సంఖ్యచే భాగించి, వర్గమూలము తీయవలెను. మన ఉదాహరణలో మొలచు పాలు 0.8, మొలవని పాలు 0.2, గుణించిన 0.16. దానిని 400చే భాగించిన 0.0004. దాని వర్గమూలము 0.02, అనగా నూటికి 2. దీనికి క్రమవిచలనమని పేరు. నడిమినుండి ఇరువైపుల ఒక క్రమవిచలనము దూరములో నూటికి సుమారు 68 పిక్కలుండును. రెండింటి దూరములో 95 ఉండును. మూడింటి దూరములో ఇంచుమించు అన్నియు ఉండును. కావున 400 గింజల పరీక్షలో, నిజముగా నూటికి 80 మొలచు రాశి, నూరు పరీక్షలలో 95 మారులు 76కు 84కు మధ్య ఫలితమును చూపును. 400 అను సంఖ్య బలమిదియే.

గింజలు 25 మాత్రమే తీసినచో క్రమవిచలనము నూటికి 8. నూరు తీసినచో 4. 400 తీసినచో 2. 1,600 తీసినచో 1. పొరపాటును సగము చేయవలెనన్నచో గింజలను నాలుగు రెట్లు చేయవలెను. ఇది కఠినమైన బేరము, దీనిని తప్పించుకొను ఉపాయము లేదు. ఆ సంగతిని నిరూపించిన గౌరవములో మన తెలుగువారికి పాలు కలదు. హడగళిలో 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, కలకత్తాలో సాంఖ్యకశాస్త్రమున కృషి చేసిన కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు 1945లో ప్రకటించిన వ్యాసమున, ఏ ప్రక్కకును మొగ్గని అంచనా ఏదియు ఒక హద్దుకంటె తక్కువ విచలనముతో ఉండజాలదని చూపిరి. మన గింజల లెక్క సరిగా ఆ హద్దునే తాకుచున్నది. అనగా మొలచిన గింజలను లెక్కించుటకంటె మిన్నయైన యుక్తి మరొకటి లేదని అర్థము. రావుగారు 2023లో, నూరేండ్లు దాటిన వయస్సున దివంగతులైరి.

మరొక వింత గమనింపుడు. మనము చేసిన లెక్కలో రాశి పరిమాణము ఎచ్చటను రాలేదు. పది బస్తాల రాశికైనను, నూరు బస్తాల రాశికైనను, గింజలు బాగుగ కలిసియున్నచో 400 గింజలు ఇంచుమించు ఒకే బలముతో సాక్ష్యమిచ్చును. పెద్ద కాగులో పులుసు కాచినను, చిన్న గిన్నెలో కాచినను, కలియబెట్టిన పిదప ఉప్పు చూచుటకు ఒక్క చుక్కయే చాలును గదా.

ఇక ఈ గీతను వాడుటలో ఒక చిన్న మెలకువ. గింజలు ఒకటొకటిగ లెక్కకు వచ్చును. ఇరువదిన్నర గింజలు మొలచుట ఉండదు. గంటగీత మాత్రము నున్ననిది. మెట్లను వాలుబల్లతో కొలుచునపుడు ఒక్కొక్క మెట్టులో సగము అటో ఇటో పోవును. నిజముగా నూటికి 76 మాత్రమే మొలచు రాశినుండి 25 గింజలు తీసినచో, 20 గాని అంతకెక్కువ గాని మొలచి, రాశి 80 ప్రమాణమును అందుకొన్నట్లు కనబడు అవకాశమెంత? ద్విపద విభాజనముతో ఓపికగ లెక్కించిన నూటికి 42 వచ్చును. గంటగీతను 20 వద్ద కోసి చూచినచో 32 అని చెప్పును. ఇది పెద్ద తప్పు. 20వ మెట్టు పందొమ్మిదిన్నర వద్దనే మొదలగునని గ్రహించి అచ్చట కోసినచో 41 అని చెప్పును. అర గింజ సవరణతో తప్పు దాదాపుగ మాయమైనది. గింజల సంఖ్య వందలలోనికి పోయిన కొలది ఈ అర గింజ ప్రాధాన్యము తగ్గిపోవును.

ఈ అంకెలలో రైతునకు సంబంధించిన సంగతియు కలదు. నూటికి 76 మొలచు ఆ రాశియే 25 గింజల పరీక్షలో 42 మారులు తప్పించుకొని పోవును. నూరు గింజల పరీక్షలో 20, 21 మారులు పోవును. 400 గింజల పరీక్షలో సుమారు 3 మారులు మాత్రమే పోవును. కొనువానికి రక్షణ గింజల సంఖ్యయందే యున్నది. అమ్మువాని సంగతి చూతము. అతని రాశి సరిగా 80 చొప్పున మొలచునదైనచో, 400 గింజల పరీక్షలో నూటికి 47 మారులు 80కి లోబడి కనబడును! ప్రమాణము అంచున నిలిచినవాని గతి బొమ్మా బొరుసా అన్నట్లుండును. అదే రాశి 85 చొప్పున మొలచునదైనచో, లోబడి కనబడుట వేయింటికి 2, 3 మారులు మాత్రమే. కావున తెలివిగల విత్తనోత్పత్తిదారు 80ని గమ్యముగ నుంచుకొనడు. దానికి నాలుగైదు మెట్లు పైననే యుండజూచును.

ఇంతవరకు గంటగీత గుణములు చెప్పితిమి. దాని హద్దులను చెప్పకున్నచో శ్రోతలను మోసగించినవారమగుదుము. ఈ గీత ఇరువైపులను సమముగ సాగును. నిజమైన నిష్పత్తి నూటికి దగ్గరైనను, సున్నకు దగ్గరైనను, సాగుటకు ఒక ప్రక్క చోటుండదు. 25 గింజలలో 24 మొలచినవనుకొందము. అనగా నూటికి 96. పైన చెప్పిన సూత్రము ప్రకారము క్రమవిచలనము ఇంచుమించు 4; రెండింతలు 8. కావున రాశి మొలక 88కి 104కు మధ్య నుండునని తేలును. 104 అనగా 25 గింజలు నాటగా 26 మొలచుట! లెక్కలో తప్పు లేదు. చెల్లని చోట వాడుటయే తప్పు. మొలచినవియు, మొలవనివియు రెండును కనీసము ఐదేసి, వీలైనచో పదేసి ఉన్నప్పుడే ఈ సూత్రమును నమ్మవలెనని వాడుకలోని కట్టుబాటు. ఇచ్చట మొలవనిది ఒక్కటే.

దీనికి 1927లో అమెరికా దేశపు ఎడ్విన్ విల్సను ఒక దిద్దుబాటు చూపెను. మచ్చులో కనబడిన నిష్పత్తిని పట్టుకొని గంట వెడల్పును లెక్కించుటకు బదులు, రాశికి ఉండదగిన ప్రతి నిష్పత్తిని తీసికొని, దాని గంట వెడల్పు ఎంతయో చూచి, మన ఫలితము ఆ గంటలో ఇముడునా లేదా అని అడుగుట అతని పద్ధతి. ఆ విధమున చూచినచో 24 మొలచిన 25 గింజలు చెప్పు సాక్ష్యము సుమారు 80 నుండి 99 వరకు. నూటికి నూరు దాటదు. క్రింది హద్దు 88 అను అతిశయమును వదలి 80కి దిగినది. 96 అని ఉత్సాహపడినవానికి ఇది చల్లని నీళ్లవంటిది గాని, సత్యమునకు దగ్గర.

నూరు గింజలకు నూరును మొలచినప్పుడు సంగతి మరింత విచిత్రము. మొలవని పాలు సున్న గనుక సూత్రము ప్రకారము పొరపాటు సున్న. రాశిలో చెడ్డ గింజయే లేదని ప్రమాణము చేసినట్లగును. అది నిజము కాదు. నూటికి 3 చెడ్డ గింజలున్న రాశినుండి నూరు తీసినను, అన్నియు మంచివే పడు అవకాశము నూటికి ఐదుకు కొంచెము తక్కువగ ఉన్నది. ఒక్కటియు చెడనప్పుడు 3ని గింజల సంఖ్యచే భాగించి, చెడుగు అంతవరకు ఉండవచ్చునని తలచుట క్షేమము. చెడు కనబడలేదనుట వేరు, చెడు లేదనుట వేరు.

అన్నిటికంటె పెద్ద హద్దు మరొకటి. గంటగీత అదృష్టము చేసెడు తప్పును కొలుచును. మనుష్యుడు చేసెడు తప్పును కొలువదు. బస్తా మూతి విప్పి పైనున్న గింజలనే గుప్పెడు తీసినచో, అవి పై గింజల సంగతిని చెప్పును గాని అడుగున చెమ్మపట్టిన గింజల సంగతిని చెప్పవు. అట్లు 400 తీసినను, 4,000 తీసినను ఫలము లేదు. అందుచేతనే పరీక్షకులు బస్తాలోనికి పొడుగాటి ఇనుప గొట్టమును గుచ్చి, పైన, నడుమ, అడుగున గల గింజలను తీయుదురు. అనేక బస్తాలనుండి తీసి, కలిపి, అందుండి మచ్చు ఏర్పరతురు. 400 గింజలను నాలుగు నూర్లుగ విడదీయుటలోను ఇట్టి జాగ్రత్తయే కలదు. నిష్పత్తి 80 ప్రాంతమున నున్నప్పుడు, నూరు గింజల క్రమవిచలనము 4. నాలుగు భాగములలో అన్నిటికంటె ఎక్కువ మొలచినదానికి, తక్కువ మొలచినదానికి తేడా 16 దాటుట కేవలము అదృష్టవశమున చాల అరుదు. దాటినచో తడి చాలకపోయినదో, బూజు పట్టినదో, మరేదో జరిగినదని అనుమానించి పరీక్షను మరల చేయుదురు. ఆ గంటగీతయే ఇచ్చట కావలివాడుగ పనిచేయుచున్నది.

ఈ లెక్కను ఇంటనే ఉపయోగించుకొనవచ్చును. విత్తుటకు రెండు వారములు ముందుగ, అన్ని బస్తాలనుండి, అన్ని లోతులనుండి గింజలు తీసి, కలిపి, అందుండి ఏరక నూరు లెక్కించుడు. తడిగుడ్డలో పరచి, చుట్టి, ఆరకుండ చూచుకొని, మొలచినవాటిని లెక్కింపుడు. 90 మొలచినచో క్రమవిచలనము 3. రాశి 84కు 96కు మధ్య నున్నదని నమ్మి నిశ్చింతగ చల్లవచ్చును. 70 మాత్రమే మొలచినచో హద్దులు సుమారు 61, 79. పై హద్దు సైతము 80ని అందుకొనలేదు గనుక, వెంటనే అమ్మినవానిని అడుగవలసినదే. 82 మొలచినచో హద్దులు 74, 90; దీనిని బట్టి మంచిదనియు, చెడ్డదనియు చెప్పరాదు. అట్టి సమయమున మరి మూడు నూర్లు మొలిపించి, నాలుగింటిని కలిపి చూచుట మేలు. నాలుగు రెట్ల గింజలతో సందేహము సగమగును. నారుమడిలో విత్తనము చల్లిన పిదప సందేహము తీర్చుకొనుటకంటె, గుప్పెడు గింజలు ఖర్చుచేసి ముందే తీర్చుకొనుట చౌకబేరము.